మెత్తని చెయ్యి

హిమబిందు చెయ్యి మెత్తనిదని తెనాలి నుంచి రేపల్లె దాకా పేరు. ఆ పేరు ఎక్కడిదాకా వచ్చిందంటే, క్యాంపు వ్యాను ఊళ్ళోకి రాగానే ఆడవాళ్ళు మెట్టు మీద కాలు పెట్టకముందే "ఇవాళ బిందమ్మాయేనా?" అని అడిగేవాళ్ళు. కాదంటే అప్పుడే ఏదో పని గుర్తొచ్చినట్టు మొహం పెట్టి, చెప్పులు తొడుక్కుని ఇంటికి పోయేవాళ్ళు.

వాళ్ళని మాత్రం ఏమనగలం? తీసేది మామోగ్రామ్. రొమ్ములో గడ్డ చేతికి తగలకముందే కనిపెట్టే ఎక్స్‌రే. చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది, తీయించుకునేటప్పుడు తెలుస్తుంది దాని సంగతి. జాకెట్టు విప్పి, చల్లటి మిషన్‌కి ఒళ్ళు ఆనించి నిలబడాలి. కింద ఒక ప్లేటు, పైన ఒక ప్లేటు, మధ్యలో రొమ్ము. పై ప్లేటు దిగి నొక్కుతుంది. పుట్టి బుద్ధెరిగాక డాక్టరు ముందు కూడా పమిట తీయని మనుషులు వాళ్ళు. నొప్పికి సగం, సిగ్గుకి సగం కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళు.

అప్పుడు బిందు ఏం చేసేదంటే, ప్లేటుని దించే పెడల్ మీంచి కాలు తీసేసి, పక్కనున్న మరని చేత్తో వెనక్కి తిప్పేది. "సరిపోయిందా అత్తా? ఇంకొంచెం వదలనా?" అనేది. వదిలేది కూడా. ఆ మాటకే సగం నొప్పి పోయేదని చెప్పుకునేవాళ్ళు. పోదూ మరి, నొక్కితేగా నొప్పి.

ఆమె ఈ పనిలోకి రావడానికి కారణం ఉంది. చిన్నప్పుడే తల్లి పోయింది. రొమ్ములో గడ్డతోనే పోయింది. అది పండి, పగిలి, వాసనొచ్చేదాకా ఆ తల్లి ఎవరికీ చెప్పలేదు. ఎవరన్నా ముట్టుకుంటారేమోనని చెప్పలేదు. ఆ తర్వాత బిందుని పిన్ని కోటిరత్నం తన ఇంటికి తీసుకెళ్ళి పెంచింది. ఆమెది రేపల్లె అవతల నగరం. పేరుకే నగరం, ఎటు చూసినా వరిచేలు. కోటిరత్నానికి పిల్లల్లేరు. బిందుని ఎక్స్‌రే కోర్సు చదివించింది, తెనాలిలో ఉద్యోగంలో చేరేదాకా వెంటపడింది, పెళ్ళి చేసింది. డ్వాక్రా సంఘానికి లీడరు కూడా కాబట్టి ఊళ్ళో ఆడవాళ్ళకి ఆమె మాటంటే మాటే.

రెండేళ్ళ క్రితం రేపల్లెలో మొదటి క్యాంపు పెట్టినప్పుడు నగరం ఆడవాళ్ళని ఆటోల్లో ఎక్కించి తోలుకొచ్చింది ఆవిడే. వాళ్ళు భయపడి ఒకరి వెనక ఒకరు దాక్కుంటుంటే, "ఉండండర్రా, ముందు నేనెళ్తా" అని వ్యాను ఎక్కింది. ప్లేటు దిగేసరికి అంత లీడరూ పళ్ళు బిగించి, "అబ్బా, మెల్లగానే తల్లీ" అంది. తల్లి తర్వాత తల్లి ఆ మాట అంటే ఎవరి చెయ్యి ఆడుతుంది? బిందు మర వెనక్కి తిప్పింది, ఇంకొంచెం తిప్పింది. బొమ్మ తీసింది. కొన్నాళ్ళకి తెనాలి నుంచి రిపోర్టు వచ్చింది, ఏమీ లేదని. కానీ ఆ రోజు వ్యాను దిగగానే కోటిరత్నం, "ఇంతేనర్రా, దోమ కుట్టినంత కూడా లేదు. మా పిల్ల చెయ్యి మెత్తన" అని చాటింది. ఇంకేముంది, వరసగా ఎక్కారు. ఒక్కొక్కరికీ బిందు మర వెనక్కి తిప్పుతూనే ఉంది.

ఆ బొమ్మలు చూసి రిపోర్టు రాసేది తెనాలిలో డాక్టర్ శ్యాంప్రసాద్. అప్పుడప్పుడు ఫోన్ చేసి, "కాస్త మసగ్గా పడుతున్నాయమ్మా బిందూ" అనేవాడు. "ఆడవాళ్ళు ఓర్చుకోలేకపోతున్నారండి" అనేది ఆమె. "సర్లే, క్యాంపు కదా, సరిపోతుంది" అనేవాడు ఆయన. ఇద్దరూ మంచివాళ్ళే. ఆ మంచితనమే కొంప ముంచింది.

ఈ ఏడు వేసవి ముందు వ్యానులో పాత మిషన్ తీసేసి కొత్తది బిగించారు. దాన్ని వాడే పద్ధతి నేర్పడానికి కంపెనీ తరఫున వీణ అనే అమ్మాయి వచ్చింది. బాపట్ల క్యాంపుకి కూడా వెంట వచ్చి, బిందు పక్కనే నిలబడి చూసింది. పొద్దున్నుంచి ఏమీ అనలేదు. మధ్యాహ్నం క్యారేజీలు విప్పుకుని తింటున్నప్పుడు నెమ్మదిగా అంది.

"అక్కా, ఏమనుకోవద్దు. మీరు నొక్కట్లేదండి. ముట్టుకుంటున్నారు."

బిందుకి చుర్రుమంది. "మా ఆడవాళ్ళు సున్నితమమ్మా. హైదరాబాదులో వాళ్ళలా కాదు."

"ఒళ్ళు ఎక్కడైనా ఒకటేనండి" అని ఆ పిల్ల కంప్యూటర్ తిప్పి చూపించింది. పొద్దున వచ్చిన ఒకావిడకి రెండేళ్ళ క్రితం బిందే తీసింది. పాత బొమ్మ ఒకపక్క, ఇవాళ పద్ధతి చూపించడానికని వీణే తన చేత్తో నొక్కి తీసిన కొత్త బొమ్మ ఒకపక్క. కొత్తదాంట్లో సన్నటి నరాలు కూడా విడివిడిగా కనపడుతున్నాయి. పాతదాంట్లో అంతా కలిసిపోయి పాలలో ముంచినట్టుంది.

"కండ మీద కండ పడి ఉంటే లోపల ఏమున్నా కనపడదు. పలచగా పరిస్తేనే కనపడుతుంది. ఇంకోటి చూడండి, ఇది డోసు." వీణ వేలు ఒక అంకె మీద పెట్టింది. "మందంగా ఉన్న ఒంట్లోంచి పోవాలంటే మిషన్ ఎక్కువ ఎక్స్‌రే వదలాలి. నొప్పి పుట్టకూడదని మీరు వదిలేసినప్పుడల్లా ఎక్స్‌రే ఎక్కువ తగిలింది, బొమ్మ తక్కువ పడింది."

బిందు క్యారేజీ మూత పెట్టేసింది.

కొత్త మిషన్‌కి ప్లేటు అంచులు వంపు తిరిగి ఉన్నాయి, పక్కటెముకల మీద కోసుకోదు. అన్నిటికన్నా వింత, ఒక రిమోటు. సగం దాకా టెక్నీషియన్ నొక్కి, మిగతా సగం తీయించుకునే మనిషి చేతికే రిమోటు ఇచ్చేయొచ్చు, తనే నొక్కుకుంటుంది. తన చేతిలో ఉందన్న ధైర్యానికి మనం నొక్కేదానికన్నా ఎక్కువే ఓర్చుకుంటారని వీణ చెప్పింది. "మా వాళ్ళు ఇంట్లో టీవీ రిమోటే ముట్టుకోరు" అంది బిందు. అన్నదే గానీ, మనసు అక్కడ లేదు. రేపల్లెలో ఉంది.

సాయంత్రం వ్యాను తెనాలికి తిరిగి వస్తుంటే, డ్రైవర్ దావీదు పక్కన కూర్చుని పిన్నికి ఫోన్ చేసింది. ఒకసారి తెనాలి రమ్మంది, కొత్త మిషన్ వచ్చింది, మళ్ళీ తీస్తానంది.

"నేనే చేద్దామనుకుంటున్నా బిందూ" అంది కోటిరత్నం. "ఎడమపక్క ఏదో తగులుతోందే. సంక్రాంతి ముందు నుంచీ ఉంది. నువ్వు తీసి ఏం లేదన్నావుగా, ఏ కొవ్వుగడ్డో అయ్యుంటుందిలే అని ఊరుకున్నా."

బిందు ఏం మాట్లాడిందో ఆమెకే గుర్తు లేదు. ఫోన్ పెట్టేశాక దావీదు, "ఏంటక్కా, అట్లా అయిపోయావ్" అని వ్యాను పక్కకి తీసి ఆపాడు. ఆమె కిందకి దిగి, పంటకాలవలో మొహం కడుక్కుని, పిన్నికి మళ్ళీ ఫోన్ చేసి రేపు పొద్దున్నే తెనాలిలో ఉండాలని చెప్పింది.

మర్నాడు పొద్దున్నే కోటిరత్నం తెనాలిలో దిగింది. స్నానం చేసి, పౌడరు రాసుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. పౌడరు పొడి బొమ్మలో మచ్చల్లా పడుతుంది కాబట్టి బిందు తడిగుడ్డతో తుడిచింది. చిన్నప్పుడు తనకి వీపు రుద్దిన చేతులవి, ఇప్పుడు తన ముందు సిగ్గుతో ఒంటికి అడ్డం పడి ఉన్నాయి. "మెల్లగానేగా తల్లీ?" అంది కోటిరత్నం. బిందు పెడల్ తొక్కింది. ఇంకా తొక్కింది. కోటిరత్నం "బిందూ" అంది, "బిందూ, నొప్పే" అంది. కాలు తీయలేదు బిందు. పిన్ని మొహం చూస్తే కాలు లేచిపోతుందని గోడవైపు చూసింది.

డాక్టర్ శ్యాంప్రసాద్ రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టుకుని మార్చి మార్చి చూశాడు. కొత్తదాంట్లో, రొమ్ము వెనక భాగంలో, ముళ్ళు ముళ్ళుగా తెల్లటి గడ్డ. పాతదాంట్లో ఆ వెనక భాగమే సరిగ్గా పడలేదు. పడినంత మేర మసక.

"అప్పుడూ ఉండే ఉంటుంది" అన్నాడాయన చివరికి. "చిన్నదిగా ఉండి ఉంటుంది." కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇంత మసక బొమ్మ చూసి బాగుందని రాసింది నేనే. నువ్వొక్కదానివే కాదమ్మా."

"రేపల్లెలో తీసినవన్నీ ఇలాంటివేనండి."

ఆయనకీ తెలుసు. ఒక్కొక్కటే తెరిచి చూస్తూ పోయాడు. కొన్ని పరవాలేదు. చాలావరకు పాలలో ముంచినవే, నగరం వాళ్ళవి మరీను. అందరినీ మళ్ళీ పిలిచి తీయాలి, వేరే దారి లేదు. "కొత్త మిషన్ వచ్చింది, ఉచితంగా మళ్ళీ చేస్తామని చెబుదాం. ఎందుకని ఎవరూ అడగర్లే" అన్నాడు. అడగరట. ఊళ్ళో ఆడవాళ్ళు ఎందుకని అడగని విషయం ఈ భూమ్మీద ఏదన్నా ఉందా?

పిన్నికి ముక్క తీసి పరీక్ష చేస్తే క్యాన్సరేనని తేలింది. ఆపరేషన్ గుంటూరులో. ముందురోజు సాయంత్రం వార్డులో బిందు మంచం పట్టి మీద కూర్చుని చెప్పేసింది. "పిన్నీ, అది అప్పుడే ఉంది. నేను సరిగ్గా నొక్కలా. నొక్కి ఉంటే అప్పుడే దొరికేది."

కోటిరత్నం ఆమె మొహంలోకి చూసింది. కోప్పడుతుందనుకుంది బిందు. కొడుతుందేమో, కొడితే బాగుండు అనుకుంది.

"నేనేగా వదలమంది" అంది కోటిరత్నం.

"నువ్వంటే మాత్రం నేను వదలొచ్చా?"

"ఎవరితోనన్నా అన్నావా ఈ మాట?"

"డాక్టరుగారికి తెలుసు."

"ఇంకెవరితోనూ అనకు. నోరు మూసుకుని ఉండు. నీ చెయ్యి మంచిదని ఊరంతా చాటింది నేను. ఇప్పుడు ఆ చేత్తోనే నన్ను చంపుకున్నావని చెప్పుకుంటారా? నీకు మొగుడూ పిల్లాడూ ఉన్నారు. ఉద్యోగం ఉంది. నాకేముంది ఇంక."

నిజం చెప్పాలంటే ఆ క్షణాన బిందుకి ప్రాణం తేలికపడింది. పిన్ని ఒడిలో తలపెట్టి ఏడ్చింది. ఆ తేలికే తర్వాత ఆమెని కాల్చుకు తింది.

రొమ్ము తీసేశారు. మందులు మొదలుపెట్టారు. కోటిరత్నం జుట్టు ఊడిపోయి, తలకి గుడ్డ చుట్టుకుని నగరం చేరింది. వచ్చిన ప్రతి మనిషీ అడిగేది ఒకటే మాట, మిషన్‌లో చూసి ఏం లేదన్నారుగా, మరి ఇదెట్లా అని. కోటిరత్నం తడుముకోకుండా చెప్పేది. "అప్పుడు లేదర్రా. మా బిందు చక్కగా తీసింది. ఇది తర్వాత పుట్టింది." అడిగినవాళ్ళందరికీ చెప్పింది. కూతుర్ని కాపాడుకుంటున్నాననే అనుకుంది.

కానీ ఊరన్నాక వినేవాళ్ళకీ బుర్రలుంటాయి. అప్పుడు లేదు, తర్వాత పుట్టింది. మధ్యలో జరిగిందేంటి? మిషన్ ఎక్కింది. అయితే మిషన్ వల్లే వచ్చింది. ఆ కిరణాలు ఒంట్లో కూర్చుని పురుగులా తొలిచాయి. ఈ మాట పాలకేంద్రం దగ్గర పుట్టిందో, రేషన్ క్యూలో పుట్టిందో గానీ, వారం తిరక్కుండా ఊరు ఊరంతా నమ్మింది. కోటిరత్నం ముందు మాత్రం ఎవరూ అనలేదు, పాపం జబ్బు మనిషని.

రేపల్లెలో మళ్ళీ క్యాంపు పెట్టారు. కల్యాణమండపం ఆవరణలో రెండురోజులు వ్యాను ఆపారు. పేరుపేరునా అందరికీ ఫోన్లు వెళ్ళాయి. మొదటిరోజు టౌను నుంచి కొంతమంది వచ్చారు. నగరం నుంచి ఒక్కరంటే ఒక్కరు రాలేదు. దావీదు కుర్చీలు వేసి, కుర్చీలు తుడిచి, చివరికి తనే ఒక కుర్చీలో కూలబడ్డాడు.

బిందు మాణిక్యమ్మకి ఫోన్ చేసింది. మాణిక్యమ్మ కోటిరత్నానికి పక్కింటావిడ, చిన్నప్పుడు బిందుకి జడలు వేసిన మనిషి. వరసకి అత్త. రెండేళ్ళ క్రితం పిన్ని తర్వాత వ్యాను ఎక్కింది ఆవిడే. ఆవిడ బొమ్మే అన్నిటికన్నా మసగ్గా ఉంది.

"నీ మీద కోపం కాదు కోడలా" అంది మాణిక్యమ్మ. "మీ పిన్నిని చూశాక ఆ మిషన్ మొహం చూడబుద్ధి కావట్లా. గుండ్రాయిలాంటి మనిషి. దాన్నెక్కబట్టే కదా ఇట్లా అయింది."

"దానివల్ల కాదత్తా. అది అప్పుడే ఉంది. నేను సరిగ్గా నొక్కలేదు, అందుకే బొమ్మలో కనపడలేదు. నీదీ సరిగ్గా పడలేదు. అందుకే రమ్మంటున్నా."

అవతల గిన్నె మీద మూత పెట్టిన చప్పుడు వినపడింది.

"అంత మాట నీ చేత చెప్పిస్తున్నారా అమ్మా" అంది మాణిక్యమ్మ. గొంతులో నిజమైన జాలి. "ఉద్యోగం కోసం ఎన్ని తిప్పలు పడుతున్నావే. మీ పిన్నే చెప్పింది నువ్వు చక్కగా తీశావని. ఆవిడ అబద్ధం చెబుతుందా?"

బిందుకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తన తప్పు తను ఒప్పుకున్నా దిక్కు లేదు. ఊరు నమ్మేది కోటిరత్నం మాట.

సాయంత్రం దావీదు ఎవరినో అడిగి తెచ్చిన మోటార్ సైకిల్ వేసుకుని బిందు నగరం వెళ్ళింది. కోటిరత్నం వరండాలో నులకమంచం మీద పడుకుని ఉంది. అంతకుముందు వారమే గుంటూరులో స్కాన్ తీసి, ఎముకలకి కూడా పాకిందన్నారు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఎత్తరు. బిందు మంచం పక్కన నేల మీద కూర్చుంది.

"పిన్నీ, ఊళ్ళో ఏమనుకుంటున్నారో తెలుసా? మిషన్ వల్లే నీకిది వచ్చిందనుకుంటున్నారు. ఒక్కళ్ళూ రాలా. నువ్వు అప్పుడు లేదన్నావు కాబట్టే అనుకుంటున్నారు."

కోటిరత్నం నుదురు ముడిపడింది. ఆమెకి ఎవరూ చెప్పలేదు మరి. "పిచ్చి ముండలు" అని గొణిగింది.

"వాళ్ళ పిచ్చి కాదు. నువ్వు చెప్పినదానికి అదే అర్థం. నిజం చెప్పు పిన్నీ. నేను చెబితే నమ్మట్లా."

"చెప్పను."

"నా పేరు పోతుందని కదా? పోనీ."

"పేరొక్కటే పోతుందటే? రేపు రోడ్డు మీద నిన్ను ఆపి అడుగుతారు. నీ పిల్లాడిని బళ్ళో అడుగుతారు. ఎవరో ఒకరు నిన్ను కోర్టుకి ఈడుస్తారు. నేను చచ్చేదాన్ని, చచ్చేముందు నీ నోట్లో మన్ను కొట్టి పొమ్మంటావా?"

"మాణిక్యమ్మత్తది ఎట్లా పడిందో తెలుసా? నీది పడినట్టే పడింది. ఇంకా మసగ్గా పడింది. లోపల ఏముందో దేవుడికే తెలియాలి. లేకపోతే మంచిదే. ఉంటే? నీకు దొరికినట్టు ఎముకల్లోకి పోయాక దొరకాలా?"

ఎముకలన్న మాట నోరు జారి వచ్చింది. బిందు నాలిక కరుచుకుంది. కోటిరత్నం మెల్లగా గోడవైపు తిరిగి పడుకుంది. గోడ అవతలే మాణిక్యమ్మ వంటిల్లు. తాలింపు చప్పుడు వినపడుతోంది. ఆ చప్పుడు ఆగేదాకా బిందు కూర్చుంది. పిన్ని ఇటు తిరగలేదు. ఇంక కూర్చుని లాభం లేదని లేచి వచ్చేసింది.

మర్నాడు ఎండెక్కుతుండగా కల్యాణమండపం గేటులోకి రెండు ఆటోలు వచ్చాయి. రెండిట్లోనూ నగరం ఆడవాళ్ళు. ముందు ఆటోలో డ్రైవర్ వెనక కోటిరత్నం, పక్కన మాణిక్యమ్మ. ఆమె ఏం చేసిందంటే, రేపల్లెలో డాక్టరుకి చూపించుకోవాలి, ఒక్కదాన్నే పోలేను, సంఘంలో వాళ్ళందరూ తోడు రావాలని ఇల్లిల్లూ కబురు పెట్టింది. చావుబతుకుల్లో ఉన్న లీడరు పిలిస్తే రానని ఎవరంటారు? తీరా ఆటో వ్యాను ముందు ఆగేసరికి అందరికీ అర్థమైంది. ఒక్కరూ దిగలేదు. బిగుసుకుని కూర్చున్నారు.

కోటిరత్నమే దిగింది. ఆటో కమ్మీ పట్టుకుని కాసేపు ఊపిరి తీసుకుంది. బిందు పరుగెత్తుకొచ్చి పట్టుకోబోతే చెయ్యి విదిలించింది.

"నేను అబద్ధం చెప్పా" అంది. గట్టిగా అనలేదు, అనే ఓపిక లేదు. అయినా అందరికీ వినపడింది. "ఇది మిషన్ పెట్టింది కాదు. రెండేళ్ళ క్రితమే నా ఒంట్లో ఉంది. నొప్పని నేను మెల్లగా నొక్కమన్నా. పిల్ల నా మాట విని మెల్లగా నొక్కింది. నొక్కకపోతే ఫోటో పడదు. నాది పడలా. మీదీ పడలా. మీరంతా నేను చెప్పానని మెల్లగా నొక్కించుకున్నవాళ్ళే."

ఎవరూ కదల్లేదు. దావీదుకి ఏదో తోచి మొహం తిప్పుకుని వ్యాను వెనక్కి పోయాడు. కోటిరత్నం పమిట పిన్ను తీసింది, జాకెట్టులో ఎడమవైపు వేళ్ళు పెట్టి, లోపల కుక్కుకున్న గుడ్డ బయటికి లాగింది. పాత చీరముక్క, గుండ్రంగా మడిచి కుట్టుకున్నది. అది తీసేసరికి జాకెట్టు ఆ పక్కన చప్పగా పక్కటెముకలకి అంటుకుపోయింది. ఆ గుడ్డని మాణిక్యమ్మ ఒడిలో పెట్టింది.

"ఒళ్ళు మెత్తగా చూసుకుంటే ఇది మిగిలింది నాకు" అంది.

మాణిక్యమ్మ ఆ గుడ్డవైపు చూసింది. అది ఇంకా వెచ్చగా ఉంది కాబోలు, వేళ్ళతో పట్టుకుని మళ్ళీ వదిలేసింది, మళ్ళీ పట్టుకుంది. తర్వాత బిందువైపు చూసింది. ఆ చూపులో నిన్నటి జాలి లేదు. ఇన్నాళ్ళూ అందరూ తనవైపు ఎట్లా చూడకూడదని పిన్ని అబద్ధమాడిందో, ఆ చూపే అది. బిందు తల దించుకోలేదు. మాణిక్యమ్మ ఆటో దిగి, గుడ్డ చేత్తో అలాగే పట్టుకుని వ్యాను మెట్లు ఎక్కింది.

లోపల బిందు ఆమెని నిలబెట్టి, ప్లేటు సగం దాకా దించి, రిమోటు ఆమె చేతిలో పెట్టింది. "ఇక్కడ నొక్కు అత్తా. నొప్పి పుడుతుంది. పుట్టినా ఆపకు."

మాణిక్యమ్మ నొక్కింది. మొహం ముడుచుకుపోయింది. "చాలా?"

"చాలదు."

మళ్ళీ నొక్కింది. కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి. రెండో చేతిలో ఆ గుడ్డ మడత అలాగే ఉంది. "ఇంకానా?"

"ఇంకొంచెం. ఊపిరి బిగబట్టు."

బొమ్మ కంప్యూటర్ మీదకి వచ్చింది. బిందు తన చేత్తో ఇంత చక్కటి బొమ్మ ఎప్పుడూ తీయలేదు. డోసు అంకె ఎప్పుడూ లేనంత తక్కువ. ప్రతి గీతా కనపడుతోంది. లోపల, వెనక్కి, గుప్పెడు పంచదార ఒలికినట్టు సన్నటి తెల్లటి చుక్కలు ఒకచోట గుమిగూడి ఉన్నాయి. తడిగుడ్డతో తుడిచింది తనే, పౌడరు కాదు. గడ్డ కట్టకముందు జబ్బు అలాగే కనపడుతుందని బిందుకి తెలుసు. పాత బొమ్మలో వాటి జాడే లేదు.

"ఏమన్నా ఉందా?" అని అడిగింది మాణిక్యమ్మ జాకెట్టు తొడుక్కుంటూ.

రెండేళ్ళ క్రితం ఇదే ప్రశ్నకి ఇదే వ్యానులో బిందు "ఏం ఉండదులే అత్తా" అని నవ్వింది. ఇప్పుడు నవ్వలేదు. "డాక్టరుగారు చూడాలి. ఇవాళే నాతో తెనాలి వస్తున్నావు" అంది.

మాణిక్యమ్మ మెట్ల కమ్మీ పట్టుకుని నెమ్మదిగా దిగింది. కోటిరత్నం నీడలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది.

"నొప్పి పుట్టిందా?" అని అడిగింది.

"పుట్టింది" అంది మాణిక్యమ్మ. "ఏదో ఉన్నట్టుంది నాక్కూడా."

కోటిరత్నం ఆమె చెయ్యి పట్టుకుంది. వ్యాను గుమ్మంలో నిలబడి చూస్తున్న బిందుకి, వాళ్ళ దగ్గరికి పోవాలని ఉన్నా, పోయే మొహం లేదు. ముందు ఆటోలోంచి ఒకరిద్దరు దిగి చీరలు సర్దుకుంటున్నారు. వెనక ఆటోలో ఇంకా ఎవరూ కదల్లేదు.

మాణిక్యమ్మకి చేతిలో గుడ్డ గుర్తొచ్చి, "ఇదిగో వదినా, పెట్టేసుకో" అని తిరిగివ్వబోయింది.

కోటిరత్నం తీసుకుంది. జాకెట్టులో పెట్టుకోలేదు. దాన్ని చేతిలో పట్టుకుని, కుర్చీ ఆసరాతో లేచి, వెనక ఆటో వైపు నడిచింది.